రబ్బరు ముద్ర

రబ్బరు ముద్రపై అక్షరములు అద్దములోని నీడవలె ఎడమకుడులుగా నుండును. సిరా మెత్తపై నద్ది కాగితముపై నొత్తినప్పుడే అవి సరియైన రూపమును పొందును. వరంగల్లు కచేరీలలోని గుమాస్తాలకు ఇది గొప్ప ఉపకారి. పదిమారులు వ్రాయవలసిన హోదాను క్షణములో ముద్రించును. అయితే తాను పడుచున్నది ఏ కాగితముపైననో దానికి తెలియదు.

అందుచేతనే, అధికారముండియు ఒరులు చూపినచోట సంతకము చేయువారిని లోకము ‘రబ్బరు స్టాంపు’ అని ఎత్తిపొడుచును. మాట క్రొత్తదే గాని అందలి ప్రమాదము ప్రాతది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున రాక్షసామాత్యుని ముద్రాంగుళీయకము చాణక్యునకు చిక్కును. దానితో ముద్రించిన దొంగలేఖ వలన మలయకేతువునకు రాక్షసునిపై అనుమానము పుట్టును. రాక్షసుడు తెలివిలేనివాడు కాడు. ముద్ర పరులచేత పడినది, అంతే.

నేడు పల్లెలలో ఈ కథయే వేరొక రూపమున నడచుచున్నది. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతునకు తక్కువగాని స్థానములను స్త్రీలకు కేటాయించెను. తెలంగాణమున సగము స్థానములు వారివే. కాని కొన్ని యూళ్లలో గెలిచినది భార్య, కుర్చీలో కూర్చుండునది భర్త! ‘సర్పంచ్ పతి’ యను పదవి ఏ చట్టమునను లేదు. తీర్మానముల పుస్తకము ఇంటికి వచ్చును. ఆమె వంటయింటినుండి వచ్చి, చేయి తుడుచుకొని, చూపినచోట సంతకము చేయును. తప్పంతయు ఆమెదే యనుట న్యాయము కాదు. లెక్కలు చూపనివారు, సభకు పిలువనివారు ముందు నిందార్హులు. అయినను రేపు బిల్లులో మోసము బయటపడినచో జవాబు చెప్పవలసినది ఆమెయే.

ఓరుగల్లు సీమవారికి ఇది మరింత సిగ్గుచేటు. 13వ శతాబ్దమున ఇచ్చటనే రుద్రమదేవి రాజ్యమేలెను. శాసనములలో ఆమెకు ‘రుద్రదేవ మహారాజు’ అను పురుషనామము కానవచ్చును. పేరు పురుషునిదైనను ఏలుబడి ఆమెదే. స్త్రీకి లోబడనొల్లని సామంతులను అణచెను. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును, సేనాని మల్లికార్జున నాయకుని మరణమును కలిపి చెప్పుచున్నది. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. ఓరుగల్లును అతడు ఏలెనని ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

తీర్మానపు పుస్తకములోని తెలుగు ఎనిమిదవ తరగతి బాలబాలికలకు చదువరానిది కాదు. తల్లి సర్పంచైన యింట, ఆమె కలము పట్టుటకు ముందు బిడ్డ ఆ పుటను పైకి చదివి వినిపించుటకు పట్టు కాలము కొద్ది నిముషములు మాత్రమే.