పలుపుకు ఆ చివర

ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద వుంటుంది మోర్తాడు. పసుపు పండించే నేల. పసుపు చేనికి పెంట కావాలి, పెంటకు పశువులు కావాలి. అందుచేత పాడిని వొక్క పాల కోసమే లెక్కపెట్టరు. యిక్కడ గేదెను బర్రె అంటారు, దాని పిల్లను దుడ్డె అంటారు. నేను చెప్పబోయేది యీ దుడ్డెను గురించే. బర్రెను గురించి చెప్పడానికి చాలామంది వున్నారు.

పాలు పితికే వేళకు యే కొట్టంలో చూసినా వొకటే భాగోతం. దుడ్డెను విడుస్తారు. అది పరుగున పోయి పొదుగును కుమ్ముతుంది. తల్లి చేపుతుంది. చేపిందో లేదో పలుపు పట్టి గుంజుతారు. దుడ్డె నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలుస్తుంది. మెడ దగ్గర వొకరు, తోక దగ్గర వొకరు. తోక మెలిపెట్టే వుద్యోగం సాధారణంగా యింట్లో చిన్నవాడిది. వాడికది మహా యిష్టం. చివరకు దుడ్డె కట్టుకొయ్యకు చేరుతుంది. చెంబులో పాలు మాత్రం తగ్గుతాయి.

యెందుకు తగ్గుతాయంటారా? బర్రె పొదుగు అడుగున నిలవ వుండే పాలు చాలా కొద్ది. మిగతావన్నీ పైన బిగబట్టుకొని వుంటాయి. దూడ మూతి తగిలి, ఆక్సిటోసిన్ అనే రసం నెత్తుటిలోకి దిగితేగాని అవి కిందికి రావు. తల్లి బెదిరిందా, అడ్రినలిన్ అనే మరో రసం దానికి అడ్డం పడుతుంది. కళ్లెదుట బిడ్డ మెడకు పలుపు బిగుస్తుంటే బెదరని తల్లి యెవరండీ? చేపు నిలిచిపోయిందని అప్పుడు సూదిమందు కోసం వెతుకుతారు. పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే సూది పొడవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షను కింద నేరం. దుడ్డెను గుంజకపోతే సగం సూదులు అక్కరే వుండవు.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ పశువుల బెదురు మీదనే జీవితమంతా పనిచేసింది. పశువు చుట్టూ మనకు కనపడని గిరి వొకటి వుంటుందట. దాని అంచున నిలిస్తే పశువు మెల్లగా కదులుతుంది. లోపలికి చొరబడితే పరుగెత్తుతుంది. భుజానికి కాస్త వెనగ్గా నిలిస్తే ముందుకు నడుస్తుంది, ముందుకొస్తే వెనక్కు తగ్గుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా వుండడంవల్ల దానికి చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక తప్ప. మన చిన్నవాడు నిలుచునేది అక్కడే!

మోర్తాడులో వొక ముసలమ్మ యిదే సంగతి రెండు ముక్కల్లో చెప్పింది: "గుంజుతే అది గూడ గుంజుతది బిడ్డా. ముందుగాల దానికి చెయ్యి యెరుక చెయ్యాలె." ఆమె రోజూ దుడ్డె మెడ కింద గోకుతుంది. కట్టుకొయ్య దగ్గర గుప్పెడు తవుడు పెడుతుంది. చేపు రాగానే దుడ్డె తలను వొక చేత్తో పక్కకు తిప్పుతుంది, రెండో చెయ్యి పిరుదు మీద ఆనిస్తుంది. తవుడు యెక్కడుందో దానికి తెలుసు. నాలుగు చన్నుల్లో వొకదాన్ని దుడ్డెకే వదులుతుంది. ఆ చన్ను సంగతి కొడలికి నచ్చదని కూడా ఆమే చెప్పింది.

యింకొక సంగతి తొందరగా చెబుతాను, యిది ప్రాణం మీదికి తెచ్చేది. మందు తాగించేటప్పుడు దూడ మూతి ఆకాశానికెత్తి, నాలుక బయటికి లాగి గొట్టంతో పోస్తారు. అది గొంతు దిగదు, వూపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు కంటి యెత్తు దాటకూడదు. దగ్గితే ఆపి తల వదిలెయ్యాలి. బర్రె దుడ్డెకు యేలికపాములు తల్లి పాలలోనే వస్తాయి కనక రెండు వారాలలోపే డాక్టరు చెప్పిన మందు తాగించాలి; చెయ్యి తెలిసిన దుడ్డె అయితే పోట్లాట లేకుండా తాగుతుంది.

అన్నిటికంటె కటువుగా గుంజబడేది మగ దుడ్డె. ట్రాక్టర్లు వచ్చాక దానికి పని పోయింది, దాని నోట్లో పడే ప్రతి చుక్కా నష్టమనిపిస్తుంది. పుట్టిన గంట రెండు గంటల్లో అందవలసిన ముర్రుపాలు కూడా జున్నుకు పోతాయి. రోగాన్ని ఆపే శక్తి కడుపులో వుండగా తల్లి నుంచి దూడకు రాదు, ఆ పాలలోనే రావాలి. వొక రోజు గడిస్తే తాగినా పేగు దాన్ని తీసుకోదు. ముప్ఫై కిలోల దుడ్డెకు ఆ రోజు మూడు కిలోలు చాలు. అది చచ్చాక చేపు రాక, తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టే యిళ్లున్నాయి. ఆ మూడు కిలోలకు యింతకంటె ఖరీదు యెవరూ కట్టలేరు.

తోక పట్టే చిన్నవాడికి రేపటి నుంచి తవుడు గిన్నె యివ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు దుడ్డె వాణ్ణి నమ్మదు.