తూకానికి వేసే డ్రమ్మేనా అది?

మన సామాన్ల గదిలోని పనికిరాని వస్తువులకు ఈ యేడు ఒక జాబితా తయారయింది. విరిగిన బెంచీలు, కాలిపోయిన ఫ్యాన్లు, తుప్పుపట్టిన హర్డిల్సు, వాటి నడుమ ఏడో వరుసలో 'పాత ఇత్తడి డ్రమ్ము - 1' అని వ్రాసి ఉంది. వీటిని అమ్మగా వచ్చిన డబ్బుతో వార్షికోత్సవానికి పెద్ద సౌండు బాక్సులు మాట్లాడుదామని మన సంఘ మిత్రులు కొందరి ప్రతిపాదన. బెంచీల సంగతి నాకు పట్టదు. ఆ ఏడో వరుసను మాత్రం కొట్టివేయాలని నా వాదన. ఆ డ్రమ్మును బాగుచేయబోయి ఒకసారి చెడగొట్టినవాణ్ణి నేనే గనుక, ఈ మాట చెప్పే అర్హత నాకు కొంత ఉందనుకుంటాను.

ఆ వస్తువేమిటో ముందు చెప్పాలి. పధ్నాలుగు అంగుళాల అడ్డకొలత గల ఇత్తడి పీపా. పైన కొట్టే షీటు, అడుగున అంతకన్నా పల్చని షీటు, ఆ అడుగు షీటును ఆనుకొని ఉక్కు తీగల పట్టీ. మన బ్యాండు మేళాలవారు దీన్ని సైడు డ్రమ్మంటారు, పుస్తకాలలో స్నేర్ డ్రమ్మని ఉంటుంది. పైన దెబ్బ పడగానే లోపలి గాలి అడుగు షీటును నెడుతుంది. షీటు అదిరి తీగలను ఎగరేస్తుంది, అవి మళ్లీ షీటు మీద వచ్చి పడతాయి. ఆ 'చర్ర్' అనే శబ్దం పుట్టేది అక్కడే. తీగలు వదిలేస్తే అది ఒట్టి డోలు. ఇంగ్లీషు పటాలాల వెంట ఈ దేశానికి వచ్చిన ఈ వాయిద్యం ఎన్.సి.సి. కవాతుకూ, మన పెండ్లి ఊరేగింపులకూ చేరింది. అమెరికాలో 1957 ప్రాంతాన ప్లాస్టిక్ షీట్లు అమ్మకానికి వచ్చేదాకా దీనికి వేసేది దూడతోలే. తోలుకు తేమ తగిలితే వదులవుతుంది, ఎండ తగిలితే బిగుస్తుంది. పల్లెల్లో పలక కొట్టేవాళ్లు మంట వేసి కాచుకునేది అందుకే గదా. షీటుకు ఆ బాధ లేదు. మన కడప జిల్లా ఎండల్లో అదొక మేలు.

ఇక నా నిర్వాకం. రిపబ్లిక్ దినోత్సవ కవాతుకు డ్రమ్ము కావలసి వచ్చి, దాన్ని బయటికి తీసి, మూడు సాయంత్రాలు చింతపండుతో తోమాను. చిలుమంతా వదిలి, ప్రొద్దుటూరు బంగారు అంగడిలో పెట్టినా వెలవెలపోనంతగా మెరిసింది. చినిగిన షీట్లు తీసేసి పైనా కిందా రెండూ లావు షీట్లే వేయించాను. లావుదైతే గట్టిగా మోగుతుందని నా ఊహ. తీగల పట్టీని ఎంత బిగుస్తుందో అంతా బిగించాను. తీరా కవాతు రిహార్సల్లో కొడితే కిరసనాయిలు డబ్బా మీద రాయి వేసినట్లు 'టక్, టక్' మంది. వెనుక వరుసలకు దెబ్బ వినబడక కేడెట్ల అడుగులు తప్పాయి. ఆడపిల్లల వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వును నేనింకా మరువలేదు. డ్రమ్ము మళ్లీ సామాన్ల గదికే పోయింది. 'పనికిరానిది' అన్న పేరు దానికి వచ్చింది నావల్లనే.

తరువాత పులివెందులలో స్నేహితుని అక్క పెండ్లికి పోయినప్పుడు ఊరేగింపులో ఒక సైడు డ్రమ్ము విన్నాను. చూస్తే అదీ ఇత్తడిదే. ఒళ్లంతా సొట్టలు, నల్లగా చిలుం. శబ్దం మాత్రం వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపించింది. ఆ కుర్రవాణ్ణి పట్టుకొని అడిగితే, 'నాకేం తెలుసన్నా, జమ్మలమడుగులో మా మామ ఉండాడు, ఆయప్ప దగ్గరికి తీస్కపో' అన్నాడు.

తీసుకుపోయాను. వాకిట్లో కూర్చొని ఉన్న పెద్దాయన డ్రమ్మును తిరగేసి వేలితో అడుగు షీటు మీద ఒక్కటి కొట్టాడు.

'ఎవురబ్బీ దీనికి కింద గూడా లావు షీటేసింది?'

'నేనే మామా.'

'పైదానికి దెబ్బ, కిందిదానికి ఇనుకులు. కిందిదానికి చెవుడు తెప్పిస్తివే!'

ఆయన చెప్పిన దాన్నే నేను తరువాత పుస్తకంలో అంకెలతో చదివాను. పై షీటు మందం అంగుళంలో వెయ్యింట పది వంతుల దాకా ఉండవచ్చు, కిందిది వెయ్యింట మూడు వంతులు చాలు.

తరువాత ఆయన చేసిన పని చూడవలసిందే. బోల్టులూ కట్లూ అన్నీ ఊడదీసి, ఒట్టి పీపాను ఇంటిముందు పాలిష్ చేసిన కడప బండ మీద బోర్లించి, లోపల సెల్‌ఫోను దీపం వేసి పెట్టాడు. అంచు కింద ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ వంకర ఉన్నట్లు. ఒకచోట కనబడింది. ఇసుక మూట ఆనించి లోపలినుంచి కొయ్యసుత్తితో మెల్లగా తట్టి సరిచేశాడు. తీగల వైపు అంచు బోర్లించినప్పుడు మాత్రం ఎదురెదురుగా రెండుచోట్ల వెలుతురు వచ్చింది. ఆ రెండు పల్లాలనూ నేను లోగడే చూసి, లేతు మిషను మీద సమం చేయించాలని అనుకొని ఉన్నాను. ఆ మాట చెబితే ఆయన తలపట్టుకున్నాడు. 'అది వంకర కాదబ్బీ, తీగల దోవ! అది చెరిపితే ఇంగ దీన్ని నీళ్లు తోడుకోను పెట్టుకో' అన్నాడు. తీగలు షీటుకు సమంగా అతుక్కోవడానికి చేసిన చోటుకు నేను ఆకురాయి పెట్టబోయానన్నమాట.

పల్చని షీటు, కొత్త తీగల పట్టీ వేసి, మరలకు మిషను నూనె పోసి, బోల్టులు మొదట వేళ్లతోనే తిప్పాడు. ఆ పిమ్మట ఒకదాని తరువాత దాని ఎదుటిది, అరచుట్టు చొప్పున. ప్రతి బోల్టు దగ్గరా అంగుళం లోపలికి పుల్లతో తట్టి, అన్నిచోట్లా ఒకే స్థాయి పలికేదాకా వదలలేదు. మృదంగం నేర్చుకున్న మిత్రులకు ఇది కొత్త కాదు. వారు చుట్టూ రాతితో తట్టి చేసేది ఇదే పని. తీగలను చివర బిగించాడు. వదులుగా మొదలుపెట్టి, గరగర పోయి దెబ్బ విడివడేచోట ఆపాడు. అంతకు మించి బిగిస్తే తీగలకు ఎగిరే చోటు ఉండదు. నేను రిహార్సల్లో చేసింది సరిగ్గా అదే. కూలి అడిగి తీసుకున్నాడు. అడగవలసిందే.

'ఇత్తడి మహిమ' అని కొందరంటారు. నాకు ఆ భ్రమ లేదు. అదే ఇత్తడి నా చేతిలో డబ్బాలాగా మోగింది గదా. శబ్దంలో పెద్ద పాలు షీటుదీ, అంచుదీ, బిగింపుదీ. అయితే ఇత్తడి మందంగా ఉంటే సొట్టపడినా తట్టి మళ్లీ గుండ్రం చేసుకోవచ్చు. విదేశాల్లో లుడ్విగ్ కంపెనీ 1920ల నాటి ఇత్తడి డ్రమ్ములను వాయించేవాళ్లు ఇప్పటికీ వెతికి కొనుక్కుంటున్నారు. మనమేమో కిలోల లెక్క వేస్తున్నాము. గీటురాయి మీద గీసి చూడనిదే బంగారం ధర చెప్పని ఊరు మనది. ఒక్క దెబ్బ కొట్టి చూడకుండానే డ్రమ్ము ధర కడితే ఎట్లా?

ఒక అభ్యంతరం న్యాయమైనది. ఇత్తడి డ్రమ్ము బరువు. దాన్ని తగిలించుకొని కేడెట్లు గంటల తరబడి నడవడం కష్టమే. నడకకు తేలికది కొనండి, నేను కాదనను. ఇది వేదిక మీద ఉండనీయండి. సౌండు బాక్సుల మాటకు వస్తే, ఒక్క రాత్రి అద్దెకు ఇచ్చే సొమ్ములో చిన్న భాగం పెడితే జమ్మలమడుగు పెద్దాయన వంటివారిని యేటా రెండు రోజులు పిలిపించి మన విద్యార్థులకు ఈ పని నేర్పించవచ్చు. ఇప్పుడు మన వార్షికోత్సవానికి బ్యాండువారు ముఖ్య అతిథిని గేటుదాకా తెచ్చి అక్కడే ఆగిపోతారు. టీ కూడా అక్కడికే పంపుతాము. లోపల వక్తలు కళల గురించి మాట్లాడుతుంటారు. సంగతి తెలిసినవాడు గేటు బయట, తెలియని నాబోటివాడు లోపల! ఈ అమరిక నాకు నచ్చలేదు.

డ్రమ్ము ప్రస్తుతం నా గదిలో ఉంది. సందేహం ఉన్న సంఘ మిత్రులు ఏ సాయంత్రమైనా వచ్చి కొట్టి చూడవచ్చు. పుల్లలు కిటికీలో ఉన్నాయి. ఒక్క బోల్టుకు మాత్రం మర అరిగి వదులవుతున్నది. దసరాకు ప్రొద్దుటూరు తొట్టిమెరవణికి మేళాలు వస్తాయి గదా, వారిలో ఎవరి దగ్గరైనా అట్లాంటిది దొరుకుతుందేమో అడగాలి.