మానిటరుకూ నోరుంది

కంప్యూటరుకూ మానిటరుకూ మధ్య ఉండే తీగలో ఏది ఎటు ప్రయాణిస్తుంది? మీలో చాలామంది "బొమ్మ, కంప్యూటరు నుంచి మానిటరుకు" అంటారు. అది సగం జవాబే. మిగతా సగం తెలియకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

నాదెండ్లకు దగ్గరలోని ఒక బడిలో కొత్త మానిటరు పెట్టారు. బొమ్మ వచ్చింది కాని అక్షరాలు అలుక్కుపోయి, ఒత్తులు కలిసిపోయి కనబడేవి. వెనుక బెంచీ వారికి 'ష' ఏదో 'ప' ఏదో తెలిసేది కాదు. లెక్కల పాఠంలో వృత్తం గీస్తే కోడిగుడ్డులా అడ్డంగా సాగేది. "మానిటరే నాసిరకం, మార్చాలి" అని తీర్మానించారు పెద్దలు.

పూర్వపు టెలివిజన్ విషయంలో మీ జవాబు పూర్తిగా సరైనదే. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైనప్పుడు సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు అని ముందే నిర్ణయమై ఉంది. కేంద్రం పంపేది, పెట్టె పుచ్చుకునేది. అన్ని పెట్టెలకూ అదే లెక్క కనుక అడగవలసిన పని లేదు.

మానిటర్లు అలా కావు. ఒకదానిలో అడ్డంగా 1,024 చుక్కలు, నిలువుగా 768. మరొకదానిలో 1,920, 1,080. అందుకని 1994లో వెసా అనే ప్రమాణాల సంఘం ఒక ఏర్పాటు చేసింది. మానిటరు లోపలి చిన్న చిప్పులో 128 బైట్ల చీటీ ఉంటుంది. దాని పేరు ఈడీఐడీ. తయారుచేసిన వారెవరు, ఏ సంవత్సరం, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ కొలతలో బొమ్మ కావాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ 128 సంఖ్యలనూ కూడితే వచ్చే మొత్తం 256 చేత నిశ్శేషంగా భాగింపబడాలి. లేకుంటే దారిలో ఏదో చెడిందన్నమాట!

సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసే ఇళ్ళ పిల్లలకు ఇది తేలికగా బోధపడుతుంది. నీరు పైనుంచి కిందికే వస్తుంది. కాని ఎన్ని ఎకరాలు, ఏ పైరు అన్న కబురు మాత్రం కింది నుంచి పైకి వెళ్ళాలి కదా.

నీలం ప్లగ్గు ఉన్న వీజీఏ తీగ దొరికితే, మిషను ఆపించి, విప్పి చూడండి. మూడు వరుసలలో 15 స్థానాలు. 1, 2, 3 వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం. గీత ఎప్పుడు మొదలవాలో 13, బొమ్మ ఎప్పుడు మొదలవాలో 14 చెబుతాయి. చీటీ వచ్చేది 12, 15 గుండా. (చాలా తీగలలో 9వ సూది అసలే ఉండదు. విరిగిందని కంగారుపడకండి.) ఇప్పటి హెచ్‌డీఎంఐ తీగలో 19 స్థానాలున్నా పద్ధతి ఇదే. ముందు చీటీ, తరువాతే బొమ్మ. చీటీ చదవడానికి సెకనులో 50వ వంతు కూడా పట్టదు.

ఆ బడి సంగతికి వద్దాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్లగ్గును మరో ప్లగ్గు పక్కన పెట్టి చూసి, 12వ సూది వంగిందని కనిపెట్టింది. రంగుల సూదులు బాగున్నాయి కనుక బొమ్మ వస్తూనే ఉంది. చీటీ మాత్రం రాలేదు. కంప్యూటరు తనంతట తానే 1,024, 768 అనుకుని పంపింది. 1,920 చుక్కల తెర దాన్ని నిండుగా సాగదీసింది. అందుకే వృత్తం వెడల్పు ఎత్తు కంటే మూడో వంతు పెరిగింది. చిమటాతో సూదిని మెల్లగా నిలబెట్టగానే వృత్తం వృత్తమైంది. కొత్త మానిటరు ఖర్చు తప్పింది.

"ముట్టుకోవద్దు" అని చీటీ అంటించిన గదిలో ఈ పని ఎవరు చేయగలరు? ఏడాదికి ఒక్క పూటైనా, ఉపాధ్యాయుని ఎదుట, తీగలు విప్పి బిగించే అవకాశం మీకు ఉండాలని నా అభిప్రాయం. తప్పంతా బడులదే అనను. ఆ అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది: "చీటీ రాలేదని కంప్యూటరుకు తెలుసు కదండీ, మరి మనకెందుకు చెప్పలేదు?" తెరమీద ఒక్క వాక్యం రాయడం దానికేమీ కష్టం కాదు. రాసేలా తయారుచేయనిది మనుషులే.