గ్లాసు అడుగున ముద్ర

నారాయణగూడలో నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో గాజు బీరువా నిండా పాత పింగాణీ ఉంది. స్వీడన్‌వి, డెన్మార్క్‌వి, ఫిన్లాండ్‌వి. అన్నీ 1950లు, 60ల నాటివి. మొన్న ఆదివారం వెళ్తే ఒక్కో కప్పూ బోర్లించి అడుగున ముద్ర చూపించారు. దాన్ని బట్టి ఏ ఫ్యాక్టరీదో, ఏ కాలందో చెప్పొచ్చట. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది.

టీ ఫిన్లాండ్ కప్పులోనే ఇచ్చారు. అదే టీ పనామెకూ పోశారు. ఆమె బాల్కనీ గ్రిల్లు మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు తెచ్చుకుంది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించింది. తర్వాత నేను తాగిన కప్పు కూడా ఆమే కడిగింది.

అడిగితే 'కులం కాదండీ, శుభ్రత' అనేవారు. ఇంట్లో కప్పులన్నీ శుభ్రం చేసే మనిషికి ఆ కప్పులో తాగే శుభ్రత లేదా? కానీ నేను అడగలేదు. టీ తాగేసి వచ్చాను. పేరు ముందు డాక్టర్ అని ఉంది కాబట్టి నాకు ఆ కప్పు దక్కింది. మా నాయనమ్మ అదే గుమ్మంలో నిలబడి ఉంటే ఏ గ్లాసు వచ్చేదో నాకు తెలుసు. మా ఊరి హోటల్లో ఆమె గ్లాసు చూరులో ఉండేది.

ఆ కప్పు పేరు కిల్తా. కాయ్ ఫ్రాంక్ రూపం ఇస్తే, 1953లో హెల్సింకిలోని అరాబియా ఫ్యాక్టరీ అమ్మకానికి పెట్టింది. పువ్వుల్లేవు, బంగారు అంచు లేదు. పెద్దింటివాళ్లలా సెట్టంతా కొనక్కర్లేదు, కావాల్సిన ముక్క ఒక్కటే కొనుక్కోవచ్చు. మామూలు జనం రోజూ వాడుకోవాలనే చేశారు. అంతకుముందు 1917లో స్వీడన్‌లో విల్హెల్మ్ కోగె కూడా కార్మికుల కోసమని ఓ నీలి పువ్వుల సెట్టు చేశాడు. పేరు కార్మికులది, కొన్నది మధ్యతరగతి. ఇప్పుడు ఇవన్నీ గాజు బీరువాల్లో ఉన్నాయి.

ఆ 1953 పక్కన మన 1955 పెట్టి చూడండి. ఆ ఏడు పార్లమెంటు అస్పృశ్యతా నేరాల చట్టం చేసింది. 1976లో దాన్నే పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, 17వ అధికరణం దగ్గరే ఆగకుండా ఈ చట్టం 4వ సెక్షన్ కూడా తీయండి. హోటళ్లలో, ధర్మశాలల్లో అందరి కోసం పెట్టిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడుకోనివ్వకపోతే నేరం అని ఉంటుంది. అక్కడ మామూలు మనిషి కప్పు ఎలా ఉంటే బాగుంటుందా అని ఆలోచిస్తున్న రోజుల్లో, ఇక్కడ అసలు కప్పు ముట్టుకోనివ్వండి అని చట్టం రాయాల్సొచ్చింది. రాశాక కూడా చూరులో గ్లాసు చాలా ఏళ్లు కదల్లేదు.

పాత కప్పులు పోగు చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల ఓపిక మనకు కావాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ ముందు ఎన్నోసార్లు నిలబడ్డాను. మన రెండో గ్లాసును ఎవరు దాస్తారు?

దసరాకు ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి. ఏ హోటలు? గ్లాసు చూరులో పెట్టేవాళ్లా, మేకుకు తగిలించేవాళ్లా? కొబ్బరి చిప్పా? ఎవరు కడిగేవాళ్లు? ఏ ఏడు దాకా నడిచింది, ఎవరు ఎదురు తిరిగితే ఆగింది? వాళ్లు ఒప్పుకుంటేనే రాసుకోండి. మన గ్లాసు అడుగున ముద్ర ఉండదు కాబట్టి ఆ కాగితమే ముద్ర. గ్లాసు దొరికితే తీసుకురండి, తోమొద్దు. శనివారాలు సాయంత్రం లైబ్రరీ బయట టీ బండి దగ్గరే ఉంటాను.