టెక్కా బజారులో గోంగూర పేరు

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మా ఇంట్లో మొదట సర్దేది వంటసామాను కాదు, పుస్తకాల పెట్టె. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ పెట్టె ఖరగ్‌పూర్ చూసింది, నాగ్‌పూర్ చూసింది, హాసన్ చూసింది. తాడు కట్టి విప్పి, కట్టి విప్పి దాని మూలలు అరిగిపోయాయి. అయినా ఇన్ని ఊళ్లలోకీ మాకు ఎక్కువగా గుర్తొచ్చే ఊరు మా బదిలీల జాబితాలోనే లేదు. మా వారికి సింగపూర్‌లో పని దొరికితే, మేము జీతం లేని సెలవు పెట్టి, ఆరేళ్ల అమ్మాయిని వెంటబెట్టుకుని 2016 జూన్‌లో అక్కడికి వెళ్లాం. 2019 ఏప్రిల్‌లో తిరిగి వచ్చాం.

సింగపూర్ అనగానే స్టాఫ్ రూములో అందరూ అడిగేది శుభ్రత గురించి, జరిమానాల గురించి. చూయింగ్ గమ్ అమ్మరటగా అంటారు. నిజమే, 1992లో నిషేధించారు. అక్కడున్నన్ని రోజుల్లో మాకు దాని అవసరం ఒక్కసారి కూడా పడలేదు. మాకు గుర్తున్నవి వేరే సంగతులు.

మేమున్నది అక్కడి ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో, తొమ్మిదో అంతస్తున. అక్కడి నివాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ఇలాంటి ఫ్లాట్లలోనే ఉంటారు. ఏ భవనంలోనూ ఒకే జాతివాళ్లు పోగుపడకుండా 1989 నుంచి ఒక లెక్క పాటిస్తున్నారు. అందువల్ల మా ఎడమ పక్క ఇంట్లో మలయ్ కుటుంబం, కుడి పక్క ఇంట్లో చైనీయుల కుటుంబం. రంజాన్ పండుగనాడు ఎడమ పక్క నుంచి డబ్బాల్లో తీపి బిళ్లలు వచ్చేవి. చైనీయుల ఏడో నెలలో కుడి పక్కవాళ్లు కింద గడ్డిమీద కాగితపు నోట్లు కాల్చి, పోయినవాళ్లకు అన్నం పెట్టేవారు. ఆ రోజుల్లో వీధిలో పాటకచేరీలు జరిగితే ముందు వరుస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, అవి ఆత్మలు కూర్చోవడానికట. మా అమ్మాయి భయపడింది. మన మహాలయ పక్షాల గురించి చెప్పి, తాతయ్యకు అమావాస్యనాడు మనం పెట్టేదీ ఇదేనని చెప్పాక ఆ ఖాళీ కుర్చీలకేసి దణ్ణం పెట్టడం మొదలుపెట్టింది.

తిండి గురించి చెప్పకపోతే ఆ ఊరి గురించి ఏమీ చెప్పనట్లే. హాకర్ సెంటర్ అంటే పెద్ద కప్పు కింద యాభై అరవై చిన్న అంగళ్లు. ఒక అంగట్లో చేపల పులుసు, ఒక అంగట్లో రోటీ పరాటా, ఒకచోట బాతుమాంసం, ఇంకోచోట చెరకురసం. భోజనాల వేళ ఖాళీ బల్ల దొరకాలంటే ముందుగా కాగితపు రుమాళ్ల పొట్లం ఒకటి దానిమీద పడేసి వెళ్లాలి. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. మొదటి రోజు అది చూసి మేము నవ్వాపుకోలేకపోయాం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న జాతి మనది, మనకు కొత్తా?

ఆ కాఫీ అంగడి దగ్గరే మేము భాష గురించి కొత్తగా ఆలోచించడం మొదలుపెట్టాం. అక్కడ కాఫీని కోపీ అంటారు. కోపీ అంటే గట్టిపాలు, పంచదార కలిపినది. కోపీ ఓ అంటే పాలు లేనిది. కోపీ సీ అంటే తీపి లేని చిక్కటి పాలతో, పంచదార విడిగా వేసి ఇచ్చేది. పంచదార వద్దనుకుంటే చివర కోసోంగ్ అనాలి. ఐసు కావాలంటే పెంగ్ అనాలి. కోపీ, కోసోంగ్ మలయ్ మాటలు. ఓ, పెంగ్ దక్షిణ చైనానుంచి వచ్చిన హొక్కియెన్ మాటలు. అంగడివాడు చైనీయుడు, ముందు నిలబడ్డవాడు తమిళుడు, వెనక మేము. అందరం ఒకే గ్లాసు కాఫీని రెండు మూడు భాషల్లో కలిపి అడుగుతున్నాం, ఎవరికీ తప్పు అనిపించడం లేదు. మాటల చివర వాళ్లు లా అంటారు. 'కెన్ లా' అంటే అచ్చంగా మన 'అవుతుందిలే'. ఆ 'లా' మన 'లే'కు చుట్టమేమీ కాదు కానీ, చేసే పని మాత్రం ఒకటే. మాటలోని కరుకు తగ్గించి ఎదుటివాడి భుజంమీద చెయ్యి వేస్తుంది.

ఆదివారం పొద్దున్నే టెక్కా బజారుకు వెళ్లేవాళ్లం. లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉంటుంది. కింద చేపలు, మాంసం, కూరలు. కరివేపాకు, ములక్కాడలు, అరటిపువ్వు, అన్నీ దొరికేవి. ఒకసారి ఆకుకూరల అవ్వ దగ్గర గోంగూర కనబడింది. పరదేశంలో గోంగూర కనబడిన తెలుగువాళ్లు ఎలా ఉంటారో వేరే చెప్పాలా? 'గోంగూర ఎంత?' అని గబుక్కున తెలుగులోనే అడిగేశాం. ఆమె నవ్వి, 'పుళిచ్చకీరై' అంది. మా అమ్మాయి ఆ రెండు పేర్లూ దారంతా వల్లించుకుంటూ వచ్చి, ఇంటికి రాగానే అడిగింది: "అమ్మా, బోర్డుమీద ఆ అవ్వ భాష ఉంది, మన భాష ఎందుకు లేదు?"

పిల్ల అడిగింది నిజమే. ఆ దేశపు అధికార భాషలు నాలుగు. మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు. వాళ్ల జాతీయగీతం మలయ్‌లో ఉంటుంది. ప్రమాద హెచ్చరికల బోర్డుమీద నాలుగు భాషలూ కనిపిస్తాయి. బడిలో ఇంగ్లీషుతోపాటు 'మాతృభాష' అనే పాఠ్యాంశం ఉంటుంది. చైనీయుల పిల్లలకు మాండరిన్, మలయ్ పిల్లలకు మలయ్, భారతీయుల పిల్లలకు తమిళం. తమిళులు కాని భారతీయులు హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ అనే ఐదింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మా పై అంతస్తులో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని అబ్బాయి 'మాతృభాష' పరీక్ష హిందీలో రాసేవాడు. శనివారాలు హిందీ తరగతికి వెళ్లేవాడు. ఇంట్లో అమ్మతో తెలుగులో పోట్లాడేవాడు. ఆ తెలుగు రాయమంటే మాత్రం ఒక్క అక్షరం రాదు.

దీన్ని మేము ఆ దేశంమీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. అంత చిన్న దేశం నాలుగు భాషలకు పుస్తకాలూ పంతుళ్లూ సమకూర్చడమే గొప్ప. కాకపోతే ప్రభుత్వం ఒక భాషకు మాతృభాష అని పేరు పెట్టినంతమాత్రాన అది తల్లి మాట్లాడే భాష అయిపోదు. ఆ సంగతి మాకు తెలుగువాళ్ల వల్ల కంటే మా కుడి పక్కింటి మామ్మ వల్ల బాగా అర్థమైంది. ఆమెను అందరూ ఆ-మా అనేవారు, అంటే నాయనమ్మ. ఆమెకు వచ్చింది హొక్కియెన్ ఒక్కటే. 1979లో ప్రభుత్వం చైనీయులందరూ మాండరిన్ మాట్లాడాలని పెద్ద ఉద్యమం నడిపింది. తరవాత రేడియోలో, టీవీలో హొక్కియెన్, కాంటనీస్ వంటి ఇంటి భాషల కార్యక్రమాలు ఆగిపోయాయి. ఆమె కొడుకుకు రెండూ వచ్చు. మనవరాలికి ఇంగ్లీషు, మాండరిన్ వచ్చు, హొక్కియెన్ రాదు. ఒకే ఇంట్లో, ఒకే సోఫామీద, నాయనమ్మకూ మనవరాలికీ మధ్య కొడుకు దుబాసీ. కొడుకు ఆఫీసుకు పోతే ఇద్దరూ చేతి సైగలే. లిఫ్టు దగ్గర కనబడినప్పుడల్లా ఆమె మమ్మల్ని 'జియా పా బుయ్' అని పలకరించేది. అంటే 'అన్నం తిన్నావా' అని. మన ఊళ్లో అరుగుమీది ముసలమ్మ అడిగే ప్రశ్న అదే కదా. మేము నేర్చుకున్న నాలుగు హొక్కియెన్ ముక్కలతో జవాబు చెబితే ఆమె మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి మాకు సంతోషం వేసేది, ఆ వెంటనే భయం వేసేది. మా అత్తగారికి తెలుగు తప్ప మరో భాష రాదు.

అందుకే తరగతి మొదలుపెట్టాం. ఆ ఫ్లాట్లకింద నేల అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. పెళ్లిళ్లూ, చావు కార్యాలూ, ముసలివాళ్ల చదరంగం అన్నీ అక్కడే. ఆదివారం సాయంత్రం ఒక రాతిబల్ల దగ్గర మా అమ్మాయి, పై అంతస్తు అబ్బాయి, ఇంకో ముగ్గురు పిల్లలు. పలకలు లేవు. ఆ-మా వాళ్లింట్లో రోజుకొక కాగితం చించే క్యాలెండరు ఉండేది. చించిన కాగితాలు దాచి మాకిచ్చేది. వాటి వెనకవైపు అ ఆ లు దిద్దించాం. ఐదుగురు తొమ్మిదిమంది అయ్యారు. ఆమె మనవరాలు కూడా వచ్చి కూర్చుని తన పేరు తెలుగులో రాయడం నేర్చుకుంది. ఆ కాగితం చూసి ఆ-మా ఏమన్నదో మాకు అర్థం కాలేదు. కొడుకు చెప్పాడు, 'నా పేరు కూడా రాయించు' అన్నదట.

ఒక ఉగాదికి శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. అక్కడ మలేషియానుంచి వచ్చిన ఒక పెద్దావిడ కలిసింది. ఆమె తాత బ్రిటిషువాళ్ల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి తోటపనికి వెళ్లాడట. ఆమె మాటలో ఆ వైపు యాస చెక్కుచెదరలేదు. పంచాంగం చేతికిస్తే మాత్రం తిరిగి మాకే ఇచ్చి, "మాటుందమ్మా, రాత లేదు" అంది.

ఇక ఇక్కడి సంగతి. తిరిగి వచ్చాక మేము చేరిన బడిలో తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలు పదకొండుమంది తేలారు. తరగతి పెట్టడానికి ఆ సంఖ్య చాలదన్నారు. బదిలీల మీద తిరిగే మన బడుల్లో ఇది కొత్త కాదు. ఈ ఊళ్లో తెలుగు, ఆ ఊళ్లో కన్నడం, ఇంకో ఊళ్లో ఒడియా, ఎక్కడో ఒకచోట ఎవరి భాషో లెక్కకు చాలదు. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ల పుణ్యమా అని తెలుగు వినబడేది. అన్ని ఊళ్లూ ఖరగ్‌పూర్ కావు. సైనికుడి కొడుకో, బ్యాంకు ఉద్యోగి కూతురో మూడేళ్లకొక ఊరు మారి, పదో తరగతికి వచ్చేసరికి అమ్మమ్మ ఉత్తరం చదవలేకపోతోంది. అమ్మమ్మలు ఇప్పుడు ఉత్తరాలు రాయడం లేదనుకోండి, వాట్సాప్‌లో గొంతు పంపుతున్నారు. మాట అలా కొంతకాలం బతుకుతుంది. రాత సంగతే మాకు దిగులు.

పిల్లలకు ఇప్పటికే మూడు భాషలు, నాలుగోది బరువు కదా అని తోటి ఉపాధ్యాయులు అంటారు. ఈ మాటను మేము తేలిగ్గా తీసెయ్యం. వారానికి ఆరు పీరియడ్లూ, పరీక్షా, మార్కులూ పెడితే నిజంగానే బరువు. కోపీ అంగడి దగ్గర ఏ పిల్లవాడికీ భాష బరువు కాలేదు, ఎందుకంటే అక్కడ మార్కులు లేవు, కాఫీ ఉంది. పరీక్ష లేని అరగంట చాలు. ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా పిల్లవాడు బడే దాటిపోతాడు. రెండేళ్ల పైచిలుకు ఆ రాతిబల్ల దగ్గర కూర్చున్నాక, సంఖ్య చాలదన్న మాట మాకు సంజాయిషీగా వినబడుతోంది కానీ కారణంగా వినబడడం లేదు.

వేడుకల గురించి కూడా ఒక మాట అనాలి, కొందరికి నచ్చకపోయినా. సింగపూర్ బడుల్లో జూలై 21న జాతుల సామరస్య దినం చేస్తారు. 1964లో జరిగిన అల్లర్లను మరచిపోకుండా ఉండడానికి పెట్టుకున్న రోజు అది. పిల్లలు ఒకరి బట్టలు ఒకరు కట్టుకుని వస్తారు. మన బడుల్లో 2018లో 'భాషా సంగమ్' వచ్చింది. ప్రార్థనలో రోజుకొక భాషలో ఐదు వాక్యాలు చెప్పించారు. రెండూ మంచివే, మేమూ ఉత్సాహంగా చేయించాం. కానీ ఐదు వాక్యాలు చెప్పి దిగిన పిల్లవాడికి ఆరో వాక్యం ఎవరు చెబుతున్నారు? ఈ పత్రికలో మన ప్రాంతీయ భాషల విభాగాన్నే తీసుకోండి. ఏటా చివరి వారంలో గుర్తొస్తుంది, ఎక్కడినుంచో దించిన రెండు పద్యాలతో పేజీ నిండుతుంది. దాన్ని నింపేవాళ్లం మేమే కాబట్టి నింద కూడా మాకే చెందుతుంది.

ఇప్పుడు మా బడిలో మంగళవారం మధ్యాహ్నం భోజనం తరవాత అరగంట, వేపచెట్టు కింద, ఆ పదకొండుమందితో కూర్చుంటున్నాం. ప్రిన్సిపాల్ గారు అభ్యంతరం చెప్పలేదు, హాజరుపట్టీ వద్దని మేమే అన్నాం. వాళ్లతోపాటు బీహార్ కుర్రవాడొకడు కూడా వస్తున్నాడు. 'ళ' చూస్తే జిలేబీ అంటాడు, కానీ అందరికంటే గుండ్రంగా రాస్తాడు. గుణింతాలు అయిపోయాయి. వచ్చే మంగళవారం ఒత్తులు మొదలుపెడుతున్నాం.