వెర్నియరా, మైక్రోమీటరా?

బాలానగర్ గాంధీనగర్ పారిశ్రామికవాడ షెడ్లలో లేత్ పక్కన బల్ల మీద వెర్నియరూ మైక్రోమీటరూ పక్కపక్కనే ఉంటాయి. మామూలు వెర్నియర్ 0.02 మిల్లీమీటరు దాకా కొలిచి చెబుతుంది, మైక్రోమీటరు 0.01 దాకా చెబుతుంది. ఈ రెంటిలో ఏది గొప్పదని అక్కడ ఎవరూ అడగరు. గొట్టం లోపలి కొలత కావాలంటే చెయ్యి వెర్నియర్ మీదికి పోతుంది. షాఫ్టు మీద బేరింగు బిగుతుగా కూర్చోవాలంటే మైక్రోమీటరు బయటికొస్తుంది. 1968లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది ఈ బాలానగర్‌లోనే. పనిని బట్టి పనిముట్టు అనేది ఇక్కడివాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు.

అదే మనిషి సాయంత్రం మొబైల్ దుకాణానికి వెళ్లినప్పుడు ఈ తెలివిని వెంట తీసుకెళ్లడు. ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత ర్యాము, ఎన్ని వాట్లు అని అడుగుతాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయన చేతిలో ఆ ఫోను ఏం చేయాలో కౌంటరు వెనకున్న కుర్రాడు అడగడు, ఆయనా చెప్పడు. ఇరవై వేలకు దగ్గరగా డబ్బు చేతులు మారుతుంది. ఆ ఫోను ఎవరి కోసమన్న మాటే రాదు.

ఉదాహరణకు 2024 చివర్లో రెండు నెలల తేడాతో మన మార్కెట్లోకి వచ్చిన రెండు ఫోన్లను తీసుకుందాం. శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీ అక్టోబరులో వచ్చింది, రెడ్‌మీ నోట్ 14 5జీ డిసెంబరులో వచ్చింది. విడుదలైనప్పుడు రెండింటి ధరా 18,999 రూపాయల నుంచే మొదలైంది. రెండింటివీ ఆమోలెడ్ తెరలే. బ్యాటరీలు 5,000, 5,110 ఎంఏహెచ్, అంటే దాదాపు సమానం. శామ్‌సంగ్ 25 వాట్లతో ఛార్జి అవుతుంది, రెడ్‌మీ 45 వాట్లతో అవుతుంది. తెర మీది బొమ్మ శామ్‌సంగ్‌లో సెకనుకు 90 సార్లు మారితే, రెడ్‌మీలో 120 సార్లు మారుతుంది. కాగితం మీద చూస్తే రెడ్‌మీదే పైచేయి. శామ్‌సంగ్ తరఫున ఒక్క మాట మిగులుతుంది: 6 తరాల ఆండ్రాయిడ్, 6 ఏళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్న హామీ. రెడ్‌మీలో ఆ గడువు తక్కువ.

ఇప్పుడు ఈ రెండు ఫోన్లనూ ఒకే ఇంట్లోకి తీసుకెళ్దాం. బాలానగర్‌లో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి లేత్ ఆపరేటరు, కూతురు రాయదుర్గంలో ఉద్యోగం చేస్తోంది.

తండ్రికి జాబ్ వర్క్ డ్రాయింగులు వాట్సాప్‌లోనే వస్తాయి. కొలత అంకెల మీద రెండు వేళ్లు పెట్టి పెద్దది చేసి చూసుకోవాలి. ఆ వేళ్లకు కూలెంటు, ఇనుప రజను అంటుకుని ఉంటాయి. ఇరవై, ముప్పై ఏళ్ల పనిలో వేలిముద్రల గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో బయోమెట్రిక్ మిషను ముందు ఇబ్బంది పడేది ఇలాంటి చేతులే. శామ్‌సంగ్‌లో వేలిముద్ర గుర్తించే చోటు పక్కనున్న పవర్ బటన్ మీద ఉంటుంది, చూడకుండానే తడిమి పట్టుకోవచ్చు. రెడ్‌మీలో అది తెర కింద ఉంటుంది. వెలుతురుతో వేలిని ఫొటో తీసినట్టు చదువుతుంది కాబట్టి మధ్యలో జిడ్డున్నా, గీతలు పడ్డ టెంపర్డ్ గ్లాసున్నా తడబడే అవకాశం ఎక్కువ. ఈ తేడాను ఏ ప్రకటనా చెప్పదు. ఆయన మాత్రం రోజుకు యాభైసార్లు ఫోను తెరవాలి. సెలవు రోజు చేతులు శుభ్రంగా కడుక్కుని కాకుండా, డ్యూటీ దిగి నేరుగా దుకాణానికి వెళ్లి, ఆ వేలితోనే పదిసార్లు ప్రయత్నించి చూడాలి.

45 వాట్ల వేగం ఆయనకు ఎంత పనికొస్తుందన్నది కూడా ఆలోచించాలి. మే నెలలో రేకుల షెడ్డులో ఫోను ముందే వేడెక్కి ఉంటుంది. వేడెక్కిన ఫోను బ్యాటరీని కాపాడుకోవడానికి ఛార్జింగ్ వేగాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షు తగ్గించడంలో వేడికి పెద్ద పాత్ర ఉంది. మిషను పక్కన ఛార్జింగుకు పెట్టే అలవాటుంటే వాట్ల లెక్కకు అక్కడ విలువ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ తండ్రి ఫోను మార్చేది అది పూర్తిగా పాడైనప్పుడే. జీతం, చిట్టీ డబ్బు, గ్యాస్ బుకింగు, అన్నీ దాంట్లోనే నడుస్తాయి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో యూపీఐ వాడటమంటే తాళం అరిగిన బీరువాలో డబ్బు పెట్టుకోవడమే. కొన్నేళ్లకు బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్ మీద పనిచేయడం మానేస్తాయి కూడా. ఆరేళ్ల హామీ అందరికంటే ఎక్కువ అవసరమైంది ఈయనకు. దుకాణంలో ఆ మాట ఎవరూ ఎత్తనిది కూడా ఈయన దగ్గరే. ఇది అన్యాయం.

కూతురి రోజు వేరు. ఆమె బాలానగర్ స్టేషనులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగుతుంది. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో 2017 నవంబరులో మొదలైంది, రాయదుర్గం స్టేషను 2019 నవంబరులో తెరిచారు. 2022 అక్టోబరు నుంచి టికెట్టు వాట్సాప్‌లోనే దొరుకుతోంది. ఆ క్యూఆర్ కోడును ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి గేటుకు చూపించాలి. దారిలో ఛార్జింగ్ అయిపోతే బయటికొచ్చే గేటు దగ్గరే ఆగిపోవాలి. రాత్రి ఛార్జింగు పెట్టడం మరిచిపోయి, పొద్దున స్నానానికి వెళ్లేముందు గుర్తుకొచ్చే అమ్మాయికి 45 వాట్లు నిజంగా సాయం చేస్తాయి. రెడ్‌మీ పెట్టెలో ఛార్జరు ఉంటుంది. శామ్‌సంగ్ పెట్టెలో తీగ మాత్రమే ఉంటుంది, ఛార్జరు విడిగా కొనుక్కోవాలి. ధరలు పోల్చేటప్పుడు ఆ డబ్బునూ కలపాలి. మధ్యాహ్నం ఎండలో క్యాబ్ నంబరు వెతుక్కోవాలంటే, గరిష్ఠంగా 2,100 నిట్స్ వెలుగునిచ్చే రెడ్‌మీ తెర కంటికి సుఖం. మామూలుగా చూస్తే ఆమెకు రెడ్‌మీ, తండ్రికి శామ్‌సంగ్ అని తేలుతుంది. సాఫ్ట్‌వేర్ కారిడార్‌లో పనిచేసే పిల్లకు ఎక్కువ అప్‌డేట్ల ఫోను, షెడ్డులో పనిచేసే మనిషికి వేగంగా ఛార్జయ్యే ఫోను నప్పుతాయనుకునేవారికి ఇది తలకిందులుగా కనిపించవచ్చు.

కొనేవాళ్లకు ఈ లెక్క సులువు కావాలంటే ప్రభుత్వాలూ పూనుకోవాలి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు పూర్తిగా ఛార్జయ్యాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలన్న నియమం వచ్చింది. రోజుకొకసారి లెక్కన అది రెండేళ్ల రెండు నెలలు. మరమ్మతు ఎంత తేలికో తెలిపే అక్షరం అక్కడ లేబుల్ మీదే ఉంటుంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మరమ్మతు సూచీ కోసం 2024 సెప్టెంబరులో కమిటీ వేసింది, 2025 మేలో నివేదిక అందుకుంది. ఆ సూచీ పెట్టె మీదకు రావాలి. డిస్‌ప్లే పోతే ఎంత ఖర్చవుతుందో కొన్న తర్వాత తెలిసి ఎవరికీ ప్రయోజనం లేదు. ఈలోగా ఆ ధరను కొనకముందే సర్వీసు సెంటరులో అడిగి రాసుకోవడం మన చేతిలో పని.

సిగ్నలు సంగతీ అంతే. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచే 5జీ గోడలు, రేకులు దాటి లోపలికి రావడానికి కష్టపడుతుంది. పక్క షెడ్డులో ఏ కంపెనీ సిమ్ము బాగా పలుకుతుందో అడిగితే చాలు. వాడిన ఫోను కొనేవారు *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూసుకుని, ఇంగ్లిషులో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు జోడించి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే అది బ్లాక్ చేసిన ఫోనేమో తెలుస్తుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మన ఇళ్లలో ఫోను ఒకరి చేతిలోనే ముగిసిపోదు. మూడేళ్లకు కూతురు కొత్తది కొనుక్కుంటే, పాతది అమ్మ చేతికి వెళ్తుంది. అమ్మ దాంట్లో అక్కతో వీడియో కాల్ మాట్లాడుతుంది, కూరగాయల బండి దగ్గర యూపీఐ చేస్తుంది. కూతురు వాడే మూడేళ్లకు అమ్మ వాడబోయే మరో మూడేళ్లు కలిపితే మొత్తం ఆరు. అప్పుడు 45 వాట్ల ఛార్జరును ఒక పక్కన, ఆరేళ్ల అప్‌డేట్లను మరో పక్కన పెట్టుకుని, ఆ అమ్మాయి కౌంటరు ముందు మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. ఈసారి అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్తే మేలు.