చెత్తలో దొరికితే జీనియస్, చెత్త ఎత్తితే దొంగ
(మన ఆఫీసులు, మన కులాలు – 7)



పోయిన భాగం చదివి ఇంజనీరింగ్ ఫైనలియర్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, జీతాల దగ్గర, ప్రమోషన్ల దగ్గర కులం ఉందంటే ఒప్పుకుంటా. టీ తాగుతూ ర్యామ్ గురించీ, పాత లాప్‌టాప్‌ల గురించీ చెప్పుకునే కబుర్లలో కూడా కులం వెతుకుతారా?" అన్నాడు. వెతకాల్సిన పని లేదు తమ్ముడూ. జీతాల దగ్గర అది హెచ్‌ఆర్‌కి భయపడి కాస్త నక్కి ఉంటుంది. కబుర్ల దగ్గరే కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటుంది.

ఈ లోకం తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్రోగ్రామర్లు నలుగురు చేరితే సినిమా, క్రికెట్ అయ్యాక వచ్చేది హార్డ్‌వేరే. 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220 కీబోర్డు ముందు ఇప్పటి లక్షన్నర లాప్‌టాప్ దిగదుడుపేనని ఒకడు. పాత మెషీన్‌లో హార్డ్‌డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కిస్తే గుర్రంలా పరిగెత్తిందని ఇంకొకడు. 2012లో 35 డాలర్ల ధరకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఒకటి కొనుక్కుని, డబ్బాలోంచి తీయకుండానే ఏళ్ళ తరబడి దాచుకున్నవాడి మీద జోకులు. నాకూ ఈ కబుర్లు ఇష్టమే. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ ఉబ్బిందో లేదో దూరం నుంచి చూసి చెప్పగలను.

ఈ కబుర్లలో పెద్దపీట ఎప్పుడూ "దొరికిన" సామానుదే. కొన్నదానికి గౌరవం లేదు, డబ్బుంటే ఎవడైనా కొంటాడు. "అపార్ట్‌మెంట్ చెత్తకుండీ పక్కన మానిటర్ పడేసి ఉంది. తెచ్చి రెండు కెపాసిటర్లు మార్చా, లేచి కూర్చుంది" అన్నవాడు ఆ పూటకి హీరో. ఇది మన దగ్గర పుట్టిన సరదా కూడా కాదు. 1960ల చివర్లో అమెరికాలోని సియాటిల్‌లో బిల్ గేట్స్, పాల్ అలెన్ బడిపిల్లలు. కంప్యూటర్ సెంటర్ కార్పొరేషన్ అనే కంపెనీ చెత్తడబ్బాల్లో వెతికి, ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ అచ్చేసి పారేసిన కాగితాలు ఏరుకున్నారు. పెద్దయ్యాక ఆ సంగతి వాళ్ళే సంతోషంగా చెప్పుకున్నారు. లోకం కూడా మెచ్చుకుంది. సరే, పిల్లల ఆసక్తి, నాకు దాని మీద కోపం లేదు. కానీ అదే వయసులో మన ఊళ్ళో చిత్తుకాగితాలు ఏరే పిల్లను చూసి రేపటి కంపెనీ ఓనరని ఎవరూ అనుకోరు. సంచి చూపించమంటారు.

ఆ సంచి దగ్గర ఆగుదాం. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక ఏడాది స్టోర్‌రూమ్ ఖాళీ చేశారు. పాత కీబోర్డులు, మౌసులు, విరిగిన హెడ్‌సెట్లు, వీజీఏ కేబుళ్ళు కారిడార్‌లో గుట్టపోశారు. టీమ్ లీడ్ ఒకాయన అందులోంచి ఒక నెట్‌వర్క్ స్విచ్ ఎత్తుకుని, ఫొటో తీసి, "లూటీ!" అని రాసి గ్రూపులో పెట్టాడు. వరసగా చప్పట్ల బొమ్మలు. అదే సాయంత్రం హౌస్‌కీపింగ్ అక్క అదే గుట్టలోంచి ఒక కీబోర్డు తీసుకుంది. పాలిటెక్నిక్‌లో చేరిన కూతురు టైపింగ్ నేర్చుకుంటుందని. గేటు దగ్గర ఆమె బ్యాగు తెరిచారు. రోజూ తెరుస్తారు. మా బ్యాగులు ఏనాడూ తెరవలేదు. లూటీ అని తన చేత్తో తనే రాసుకున్న మనిషి కారు హాయిగా బయటికి వెళ్ళిపోయింది. ఈమెతో తెల్లకాగితం మీద క్షమాపణ రాయించుకున్నారు. మూడో రోజు కాంట్రాక్టరు ఆమెను రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఇంకో సైట్‌కి వేశాడు. గ్రూపులో ఒకడు రాశాడు: "అక్క కూడా ఫుల్‌స్టాక్ నేర్చుకుంటోందేమో." మళ్ళీ నవ్వు బొమ్మలు.

వెళ్ళి అడ్మిన్‌ను అడిగాను. ఇద్దరూ ఒకే గుట్టలోంచి తీశారు కదా, ఆయనతో క్షమాపణ ఎందుకు రాయించలేదు అని. "ఆయన ఎంప్లాయీ కదండీ" అన్నాడు. ఆమె తొమ్మిదేళ్ళుగా ఆ ఫ్లోర్ తుడుస్తోంది, అయినా ఎంప్లాయీ కాదు. మెడలో ట్యాగ్ తాడు రంగు వేరు. మీ ఆఫీసులో కూడా రెండు రంగుల తాళ్ళు ఉంటాయి. రెండు రంగుల వాళ్ళనీ ఏ ఊరు, ఊళ్ళో ఇల్లు ఏ వైపు అని అడిగి చూడండి. నేను చెప్పాల్సిన పని ఉండదు.

పుట్టుకను బట్టి దొంగ అనడం ఈ దేశంలో ఒకప్పుడు చట్టమే. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్త తెగల చట్టం తెచ్చారు. తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి పొడిగించి మన ఎరుకల వాళ్ళ మీద మోపారు. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ అలా పుట్టిందే. 1952లో చట్టం రద్దయింది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. (అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే. అతన్ని తిట్టి లాభం లేదు. ఎవరి బ్యాగు తెరవాలో రాసిచ్చినవాడు పై ఫ్లోర్‌లో ఉంటాడు.)

నా సంగతీ ఒక ముక్క. నా మొదటి కంప్యూటర్ మా చిన్నాన్న తుక్కు షాపులోంచి వచ్చింది. ఆఫీసుల నుంచి కిలోల లెక్కన వచ్చిన సామానులోంచి ఒక కేబినెట్, ఒక బోర్డు, రెండు ర్యామ్ ముక్కలు ఏరి, ఎస్సీ హాస్టల్‌లో మంచం కింద పెట్టుకుని బిగించాను. ఉద్యోగంలో చేరాక, ఎవడో తన చెత్తకుండీ మానిటర్ కథ చెప్పి "జుగాడ్ కింగ్" అనిపించుకున్న రోజున, నేనూ నాది చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "మీ వాళ్ళకి ఈ పని ముందునుంచీ అలవాటేగా." అవే కెపాసిటర్లు, అదే సోల్డరింగ్ ఐరన్. వాడి చేతిలో ఉంటే ప్రతిభ, నా చేతిలో ఉంటే కులవృత్తి.

ఆ రోజు నుంచి జోకులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. సర్వర్ నెమ్మదిస్తే "కోటాలో వచ్చిన సర్వరా ఇది?" పాత కోడ్‌లో బగ్గులు తీసే వంతు వస్తే "ఈ వారం నాది పాకీ డ్యూటీ." ఏసీ గదిలో, మెత్తటి కుర్చీలో, కాఫీ పక్కన పెట్టుకుని చేసే పనికి ఆ పేరు! ఆ పని నిషేధించడానికి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం కావాల్సి వచ్చాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. చావులు ఆగలేదు. 2023లో అదే కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. నష్టపరిహారం రేటు పెంచుకుంటూ పోవాల్సి వస్తున్న పని పేరు మీ బగ్ లిస్టుకి పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

"మాటలే కదా, ఎవర్నీ ఉద్దేశించి కాదు" అంటారు. మంచిది. పాత కంప్యూటర్లు విప్పినవాళ్ళకి గుర్తుంటుంది, ఐడీఈ హార్డ్‌డిస్క్ వెనక జంపర్ ఉండేది: మాస్టర్, స్లేవ్. ఏ డిస్క్ మాస్టరో, ఏది బానిసో చిన్న ప్లాస్టిక్ ముక్కతో తేల్చేవాళ్ళం. నల్లజాతి వాళ్ళను ఆ మాట గాయపరుస్తుందన్న చర్చ జరిగింది. 2018లో పైథాన్ ఆ మాటలు తీసేయడం మొదలుపెట్టింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లినక్స్ కెర్నల్ కొత్త నియమం పెట్టుకుంది. గిట్‌హబ్‌లో కొత్త ప్రాజెక్టులకు మాస్టర్ పోయి మెయిన్ వచ్చింది. మా ఆఫీసులో కూడా ఒక శుక్రవారం అందరూ కూర్చుని మాస్టర్‌ని మెయిన్ చేశారు. నేనూ చేశాను, మంచి పనే. కానీ మాటలకు బరువుందని అమెరికా చెబితే అర్థమైన మనుషులకు, పక్క కుర్చీలోని మాదిగ పిల్లాడు చెబితే "సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదు" అనిపిస్తుంది. ఆ శుక్రవారం మీటింగ్ అయిపోయాక క్యాంటీన్‌లో "కోటా సర్వర్" జోకు యథావిధిగా పేలింది.

జోకులు గాలికి పోతాయనుకుంటే పొరపాటు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో మీద వేసిన కేసు చదవండి. ఆ ఫిర్యాదు మొదలయ్యేదే ఒక మాటతో. దళిత ఇంజనీరుతో ఐఐటీలో చదివిన పైఅధికారి, అతను రిజర్వేషన్‌లో వచ్చాడని తోటి ఉద్యోగులకు చెప్పాడన్నది ఆరోపణ. పనులు దూరమవడం, వేధింపులు ఆ తర్వాతి సంగతి. కంపెనీ ఆరోపణలను ఒప్పుకోలేదు. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద కేసును ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం నడిపించింది. తీర్పుల సంగతి పక్కన పెట్టండి. "వాడు ఏ సీటులో వచ్చాడో తెలుసా" అన్న సమాచారం ఏ ఈమెయిల్‌లో తిరుగుతుంది చెప్పండి? టీ కప్పుల మధ్యే తిరుగుతుంది. అందుకే నాకు ఈ కబుర్లు చిన్న విషయం కాదు.

ఇక ఆ కారిడార్ గుట్ట చివరికి ఏమైంది? ఎవరికీ "దొరకని" మిగతాదంతా ఒక ఆటోట్రాలీలో వెళ్ళిపోయింది. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా కాదు. మిగతాదాంట్లో మన వాటా ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల, మొరాదాబాద్ లాంటి ఊళ్ళలో పేద ముస్లింల, దళితుల చేతుల్లోకి వెళ్తుంది. బోర్డును మంట మీద వేడిచేసి చిప్పులు పీకుతారు. బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. రాగి కోసం కేబుళ్ళు కాలుస్తారు, ఆ ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్లు ఉంటాయి. పాత బోర్డుల టంకంలో సుమారు 37 పాళ్ళు సీసం. మన హీరోగారు ఆదివారం కిటికీ తెరిచి, ఫ్యాన్ పెట్టుకుని చేసే పనినే అక్కడి పిల్లలు రోజంతా ఆ పొగలో కూర్చుని చేస్తారు. కళ్ళతో చూసి ఏ చిప్ ఎంతకు పోతుందో చెప్పగలిగే వాళ్ళ నైపుణ్యానికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

కాబట్టి క్యాంపస్ మిత్రులకు ఒక పని. 2022 ఈ-వేస్ట్ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఈ సామాను విప్పే, రీసైకిల్ చేసే కార్మికులను గుర్తించి నమోదు చేయడం, శిక్షణ ఇప్పించడం, వాళ్ళ ఆరోగ్యం, భద్రత చూడటం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత అని అందులో రాసి ఉంది. తెలంగాణలో ఎంతమందిని నమోదు చేశారు, ఆంధ్రలో ఎంతమందిని, అందులో ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలు ఎందరు, శిక్షణ ఎందరికి, వైద్య పరీక్షలు ఎందరికి? కార్మిక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. కాలేజీల వాళ్ళు ఇంకో ప్రశ్న కూడా కలపండి: మన ల్యాబ్‌ల పాత కంప్యూటర్లు ఏ రీసైక్లర్‌కి అమ్మారు, రసీదు ఏది?

జవాబులు వస్తే నాకు పంపండి, రాకపోతే అప్పీలు కాపీ పంపండి. రెండూ ఎనిమిదో భాగంలో పెడతాను.

జై భీమ్.